తూటా దొరికే తుపాకి

నేను తుపాకిని. కంబదూరులో ఒక పాత మిద్దె ఇంట్లో, తాళం వేసిన ఇనప బీరువాలో ఉంటాను. పుట్టింది మాత్రం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, బీఎస్‌ఏ కంపెనీలో. నా గొట్టం కొలత .315.

ఆ కొలత నాకెట్లా వచ్చిందో చెబుతాను. నా ఒంటి కట్టుబడి అంతా లీ ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిల్‌దే. దాని తూటా .303. పటాలం తూటా జనం చేతికి చిక్కకూడదని తెల్లదొరలు ఆ కొలత మామూలు మనుషులకు లేకుండా చేశారు. అందుకే కంపెనీవాళ్ళు నన్ను ఆస్ట్రియా సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్‌లికర్ తూటాకు సరిపడేట్టు చేసి ఈ దేశానికి పంపారు.

ఈ ఇంటి పెద్దాయనకు పాత రైఫిళ్ళంటే ప్రాణం. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఇక అవే కబుర్లు. 1907లో చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు కానుకగా అందిన .275 రిగ్బీ గురించి, జింక నుంచి ఏనుగు దాకా దేనికైనా పనికొచ్చే 1912 నాటి .375 హాలండ్ అండ్ హాలండ్ గురించి కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడు. “మరి నీకేది ఇష్టమప్పా?” అని ఎవరైనా అడిగితే నన్ను చూపేవాడు. “తూటా దొరికేదే మంచి తుపాకి. విత్తనం దొరకని పైరును నమ్ముకుంటామా?” అనేవాడు. నిజమే. నా తూటాలు మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలే చేస్తాయి. బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్‌లో నాలాంటి .315 రైఫిళ్ళే తయారయ్యాయి.

నా గడియ నడక ఆయన చేతికి బాగా తెలుసు. పిడి పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ తొడుగు ఎగిరి పడుతుంది. మౌజర్ 98 రైఫిల్‌కి పిడి ఎత్తేటప్పుడే స్ప్రింగు బిగుస్తుంది. నాకు ముందుకు తోసేటప్పుడు బిగుస్తుంది. అందుకే చివరి అంగుళంలో కాస్త గట్టిగా నెట్టాలి. ఆ ఒడుపు తెలియనివాడి చేతిలో నేను మొరాయిస్తాను.

పడుచుతనంలో ఆయన నాతో జింకలను కొట్టిన మాట నిజం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింకను మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. ఆ తర్వాత మందలు చెనక్కాయ చేలల్లో పడినా డబ్బా కొట్టి తోలినాడే గాని నన్ను బయటికి తీయలేదు. కొడుకు విసుక్కుంటే, “వాన ఎగ్గొట్టిన ఏడు పోయేదాని ముందు జింక తినేదెంతలే” అన్నాడు.

ఆయన పోయాక లైసెన్సు మనవడి పేరుకు మారింది. ఇంట్లో మూడు ఉండేవి: నేను, పన్నెండు బోరు జంట గొట్టాలది, ఒక .22. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించి ఒక మనిషికి రెండే అన్నారు. మనవడు మూడింటినీ మంచం మీద పరిచి, ఒక పూటంతా వాటి ముందే కూర్చున్నాడు. చివరికి .22ను వదులుకున్నాడు.

మొన్న ఆయుధపూజనాడు నన్ను దించాడు. గడియ ఊడదీసి, నూనె గుడ్డతో గొట్టం తుడిచి, వాకిలి వైపు పట్టి లోపలికి చూశాడు. నా లోపలి మరచుట్ల వెంట వెలుగు మెలితిరిగి మెరిసింది. పసుపు కుంకుమ పెట్టి, గడియ తిరిగి ఎక్కించి, చివరి అంగుళం గట్టిగా నెట్టి పిడి వంచాడు.

ఆ చప్పుడు విని లోపలి నుంచి జేజి అనింది: “మీ జేజినాయన గూడా అట్లే మూస్తాండె.”