తిన్నింటి వాసాలు

మా చిన్న మామయ్య ఎవరింట్లో భోంచేసినా వాసాలు లెక్కపెడతాడు. ఇందులో నింద ఏమీ లేదు, నిజంగానే లెక్కపెడతాడు. పెంకుటిల్లయితే దూలాలు, వాసాలు, రీపర్లు విడివిడిగా లెక్క. స్లాబు ఇంట్లో లెక్కపెట్టడానికేముంటుంది అనుకుంటాం. ఆయన ఫ్యాను కొక్కెం దగ్గర మొదలుపెట్టి గోడ దాకా చూపు జరుపుకుంటూ వెళ్లి, ముద్ద నోటిదాకా తెచ్చి ఆగి, "ఎనిమిదా, పదా?" అంటాడు. ఆయన అడిగేది లోపలున్న ఇనుప ఊచ ఎన్ని ఎమ్మెమ్మని. వడ్డించే ఇల్లాలు గారెల సంగతనుకుని, "మీకెన్ని కావాలంటే అన్ని వేసుకోండి అన్నయ్యగారూ" అంటుంది.

ఇలాంటివాళ్లు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. గృహప్రవేశంలో అందరూ పాలు పొంగాయా లేదా అని చూస్తుంటే వీళ్లు మేడమీదికెళ్లి మడమతో స్లాబుని తట్టి చెవి ఒగ్గి వింటుంటారు. మా పిన్ని కూతురి సంబంధానికి అబ్బాయి ఇల్లు చూడ్డానికి మామయ్యని తీసుకెళ్లారు. అబ్బాయి చదువు, జీతం, గోత్రం అన్నీ కుదిరాయి. కారెక్కగానే మామయ్య పెదవి విరిచాడు. "సన్‌షేడ్ పెచ్చులూడి ఊచలు బయటికొచ్చేశాయి. చూస్తూ ఊరుకున్నారంటే మనుషులు ఎలాంటివాళ్లో!" సంబంధం కుదిరింది, కాపురం బాగుంది. ఆయన మాత్రం ఇప్పటికీ ఆ పిల్ల కనిపిస్తే ముందు సన్‌షేడ్ కుశలమడుగుతాడు.

మా ఇంట్లో చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. మాది హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. మా నెత్తిమీదున్నది మా కప్పు కాదు, పైవాళ్ల నేల. ఈ సూక్ష్మం ఆయనకి పట్టదు. పప్పుచారు కలుపుకుంటూ పైకి చూసి "చెమ్మ దిగింది" అన్నాడు. మచ్చ ఉన్న సంగతి నాకు తెలుసు, మా ఆవిడకి తెలియకుండా నెట్టుకొస్తున్నాను. మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే ఆయన పైకెళ్లి, ముక్కూమొహం తెలియనివాళ్లని "మీ బాత్రూము ఒకసారి చూడొచ్చాండీ?" అని అడిగాడు. చూశాడు కూడా. అప్పట్నుంచి వాళ్లు లిఫ్టులో నావంక చూడరు. మచ్చ మాత్రం ఆరిపోయింది. ఆయన వేలు పెట్టి చూపించిన చోటే, కమోడు వెనక టైలు సందులోంచే నీళ్లు దిగుతున్నాయట. ఆ ముక్క ఆయనకి చెప్పలేదు. చెబితే రెండో బాత్రూము కూడా చూస్తాడు.

ఈ పిచ్చికి పుట్టినతేదీ ఉంది: 1996 నవంబరు 6. ఆ రాత్రి కోనసీమ మీద పడిన తుపానులో లక్షల కొబ్బరిచెట్లు కూలిపోయాయి. తాతగారి మండువా ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే మామయ్య, అత్తయ్య, చంకలో పిల్లాడు ఎదురింటివాళ్ల స్లాబు కిందికి పరిగెత్తి, వాళ్ల గేదె పక్కన నిలబడి తెల్లవార్చారు. వాళ్లతో అప్పటికి గట్టు తగాదా, మాటల్లేవు. "గోడకి గోడ పగ ఉండొచ్చు గానీ అల్లుడూ, స్లాబుకి పగ లేదురా" అంటాడు మామయ్య. అలా అన్నప్పుడు ఎగతాళి చెయ్యబుద్ధి కాదు. కాసేపే.

పోస్టాఫీసులో రిటైరయ్యాక అమలాపురం దగ్గర సొంతంగా ఇల్లు మొదలుపెట్టాడు. స్లాబే వేస్తాడని చుట్టాలందరికీ తెలుసు. ఆయనకే తెలియలేదు. నూరేళ్లుండే కప్పు కావాలన్నాడు. తాటాకు చల్లన, కానీ మూణ్ణాలుగేళ్లకోసారి నేయించాలి, నేసేవాడు దొరకడు, పైగా నిప్పు భయం. మంగుళూరు పెంకులంటే ఇష్టం. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీ నుంచి కథ ఎత్తుకుంటాడు, వినేవాడికి బస్సు తప్పిపోతుంది. కానీ కోనసీమలో పెంకు పగలడానికి తుపాను దాకా అక్కర్లేదు, రాలిన కొబ్బరికాయ చాలు. రేకుల మాటెత్తితే 2014లో హుద్‌హుద్‌ తుపానుకి విశాఖపట్నంలో ఎగిరిన రేకులు చూపిస్తాడు, ఫోన్లో దాచుకున్నాడు.

ఆయన మనసు నిజంగా పడింది మద్రాసు టెర్రస్ మీద. రాజమండ్రిలో ఎవరిదో పాత మేడలో చూశాడు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని ఏటవాలు వరసల్లో నిలబెట్టి సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కలూ సున్నమూ పోసి కొట్టి కొట్టి గట్టిపరిచిన కప్పు. కింద నిలబడి ఆయన మాట పడిపోయింది. మా వంశంలో అలాంటి సందర్భాలు తక్కువ. తిరిగొచ్చి మేస్త్రీని అడిగితే, "ఆ పని మా తాతకొచ్చండీ" అన్నాడు. టేకు ధర విన్నాక మామయ్య కూడా ఆ తాతని గౌరవంగా తల్చుకుని వదిలేశాడు.

ఈలోగా డల్లాసులో కొడుకు ఇల్లు కొన్నాడని చూడ్డానికి వెళ్లారు. అక్కడి కప్పు చూసి ఆయనకి నిద్రపట్టలేదట. చెక్కపలకల మీద తారు పూసిన అట్టల్లాంటివి మేకులతో కొట్టడమే. వడగళ్లవాన పడి పక్కింటి కప్పు పాడైతే, బీమా డబ్బుతో పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి కొత్తది వేసేశారు. మామయ్య అర్ధరాత్రి నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్ అల్లుడూ, క్యూరింగ్ లేదురా! కప్పు వేసి అదే రోజు కింద పడుకున్నారు!" కొడుకు పాతికేళ్లొస్తుంది నాన్నా అని సముదాయించబోతే, "మన రేడియో నలభై ఏళ్లొచ్చిందిరా" అన్నాడట.

చివరికి స్లాబే. అయితే స్లాబుకీ శత్రువుంది, ఉప్పు. అది కాంక్రీటులోకి చేరితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, పెచ్చులూడతాయి. సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఇంటింటికీ ఈ కథే. తాగే నీళ్లయితే కాంక్రీటుకి పనికొస్తాయని పుస్తకాల్లో ఉంది కాబట్టి మామయ్య బోరునీళ్లు పుక్కిలించి చూశాడు. అక్కడితో ఆగలేదు. ఇసక లారీ వచ్చినప్పుడు చిటికెడు నాలిక మీద వేసుకున్నాడు. మేస్త్రీ దణ్ణం పెట్టేశాడు. "ఇసక రుచి చూసిన ఓనర్ని ఇదే చూడ్డవండీ బాబూ."

కాంక్రీటు గ్రేడు మేస్త్రీ ఎం20 అంటే ఈయన ఎం25 అన్నాడు. ఊచ కింద కవర్ బ్లాకులకి బదులు కంకర ముక్కలు పెట్టారని కాంక్రీటు నిబంధనలున్న ఐఎస్ 456 కాయితాలు తెచ్చి చదివి వినిపించాడు. సెంట్రింగువాళ్లు శ్రద్ధగా విన్నారు, ఆ కాసేపూ పని చెయ్యక్కర్లేదు కదా. స్లాబు రోజు కూలీలకి కోడికూర భోజనం. తను మాత్రం తినలేదు, మబ్బుని చూస్తూ కూర్చున్నాడు. మర్నాటి నుంచి మడులు కట్టి నీళ్లు. వారం చాలన్నారు, ఈయన పక్షం దాటించాడు. పొద్దునా సాయంత్రం గొడుగేసుకుని గట్ల మీద తిరుగుతుంటే అత్తయ్య కింద నుంచి కేకేసింది: "ఇంకో రెండ్రోజులుంచితే నారు పోద్దాం!" తర్వాత వాటం చూడ్డానికి గోళీ దొర్లించాడు. అది గొట్టం వైపు కాకుండా ఈశాన్యం మూలకెళ్లింది. వాస్తు సిద్ధాంతి సంతోషించాడు. మామయ్య ఆ మూల కూడా గొట్టం పెట్టించాడు.

గృహప్రవేశం అయింది. మొన్న వెళ్తే మేడమీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రకరకాల రంగుల రేకు ముక్కలు ఒళ్లో పెట్టుకుని గోటితో గీకుతున్నాడు. రేకులు దేనికన్నాను.

"స్లాబు మీద ఎండా వానా నేరుగా పడకూడదు కదరా. పైన షెడ్డు వేయిస్తే పదికాలాలు ఉంటుంది. ఇది పాయింట్ నాలుగైదు, ఇది పాయింట్ అయిదు. పట్టుకు చూడు, తేడా తెలుస్తోందా?"

పట్టుకు చూశాను. తెలిసింది, అదీ నా భయం. "పాయింట్ అయిదే మంచిది మామయ్యా, ఆ బోల్టుల దగ్గర వాషర్లు మాత్రం..." అని మొదలుపెట్టాను.

మెట్ల మీద కాఫీ గ్లాసులతో నిలబడ్డ అత్తయ్య అంది: "ఆ రేకులు తడవకుండా వాటి మీదేం వేస్తారో కూడా ఇప్పుడే తేల్చెయ్యండి నాయనా, మళ్లీ డల్లాసు దాకా వెళ్లలేను."