‘కొంచెం అడ్జస్ట్ అవ్వండి సార్’: ఇరుకుసంజీవనీ వ్యాఖ్య

మూలం: కొంచెం అడ్జస్ట్ అవ్వండి సార్.

అవతారిక. ఈ వాక్యాన్ని మొదట పలికినవాడెవరో తెలియదు. అపౌరుషేయం. ఎవరూ పుట్టించలేదు, అందరూ వల్లిస్తున్నారు. పల్లెవెలుగు బస్సులో కండక్టరు, కల్యాణమండపంలో పెళ్లికొడుకు మేనమామ, శనివారం సాయంత్రం ఆరింటికి మేనేజరు, నీళ్ల మోటారు పాడైన రోజు ఇంటి ఓనరు, అందరిదీ ఇదే మంత్రం, ఒకటే స్వరం. వినీ వినీ జరుగుతూ గోడకు ఆనుకుపోయినవాళ్ల కోసం ఈ టీక.

టీకాకారులందరికీ పెద్దదిక్కు మల్లినాథ సూరి. మెదక్ దగ్గర కొల్చారం ఆయనది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. తన వ్యాఖ్యలకు ఎంత మంచి పేర్లు పెట్టుకున్నాడో చూడండి: రఘువంశానికి సంజీవని, శిశుపాలవధకు సర్వంకష, కిరాతార్జునీయానికి ఘంటాపథం. ఘంటాపథం అంటే రాజమార్గం. నా వ్యాఖ్యకు ఆ పేరే పెడదామని ఉంది గానీ, మన ఊరి రోడ్డు చూశాక మనసొప్పక ‘ఇరుకుసంజీవని’తో సరిపెట్టాను. ఆయన ఇచ్చిన మాట మాత్రం నేను ఇవ్వను. అక్కర్లేనిది చెప్పే సుఖం లేకపోతే టీక రాయడం దేనికి?

ఛందస్సు. కొం, చెం రెండూ గురువులే. ‘డ్జ’ సంయుక్తాక్షరం కనక దాని ముందున్న ‘అ’ గురువు. పొల్లులు మీద పడ్డాయి కనక ‘డ్జ’ కూడా గురువే. ‘అవ్వం’ రెండూ గురువులు. ‘డి’ లఘువు. ‘సార్’ గురువు. వెరసి ఎనిమిది అక్షరాల్లో ఏడు గురువులు, ఒక్క లఘువు. అందరూ గురువులై కూర్చున్న చోట ఆ ఒక్క లఘువు ఎవరో చెప్పక్కర్లేదు. సంధి చేస్తే ‘కొంచెమడ్జస్టవ్వండి’ అయి లెక్క చెడుతుంది కాబట్టి ఈ వాక్యం దగ్గర ఎవరూ సంధికి ప్రయత్నించరాదు.

ఎనిమిది అక్షరాలు కదా, అనుష్టుప్పు పాదమా అంటే కాదు. అక్కడ ఐదో అక్షరం లఘువు కావాలి, ఇక్కడ అది బండగురువు. కానీ మిట్టమధ్యాహ్నం కిక్కిరిసిన బస్సులో, టిక్కెట్ల మిషన్ ఎత్తి పట్టుకుని కండక్టరు అనేటప్పుడు చెవి పెట్టి వినండి. ‘అవ్వండీ’ అని డీ సాగుతుంది. దాంతో ఎనిమిదీ గురువులే. మ, మ, గ, గ. సాక్షాత్తూ విద్యున్మాలా వృత్తం! సంస్కృత లాక్షణికులు అడిగే నాలుగో అక్షరం మీది విరామం కూడా చెక్కుచెదరలేదు: కొంచెం అడ్జస్ట్, అవ్వండీ సార్. ఛందస్సు పుస్తకం ముట్టని మనిషి ఫుట్‌బోర్డు మీద నిలబడి రోజుకు వందసార్లు విద్యున్మాల చెబుతుంటే, మన అవధానులు ఇంకా సమస్యలు పూరించుకుంటున్నారు. ఇందులో తెలుగు యతిమైత్రి ఏదని అడిగేవారు కొంచెం అడ్జస్ట్ అవ్వాలి.

టీక. కొంచెం: అల్పార్థకం. ఎంత అల్పం? కొలిచేది అడిగేవాడు, ఇచ్చేది వినేవాడు. ముగ్గురి సీట్లో నాలుగోవాడు కూర్చోవడానికి కావలసినంత చోటు కొంచెం. మేనేజరు గారి నోట అదే కొంచెం ఒక ఆదివారం. ఓనరు నోట మూడు రోజుల మునిసిపల్ ట్యాంకరు. పెళ్లివారి నోట రెండు లక్షలు. ‘జర సర్దుకోండ్రి’ అనే తెలంగాణ పాఠాంతరంలోని ‘జర’కూ కొలతలు ఇవే.

అడ్జస్ట్: దీని పుట్టుక ముచ్చటైనది. లాటిన్‌లో ‘యుక్స్‌టా’ అంటే పక్కన, దగ్గర. దాని ముందు ‘అడ్’ చేరి ‘దగ్గరకు చేర్చు’ అనే క్రియ పుట్టింది. అది పాత ఫ్రెంచి మీదుగా వస్తుంటే, దారిలో పండితులు దాన్ని చూసి, న్యాయం అనే అర్థమున్న ‘యుస్తుస్’ బిడ్డ కాబోలనుకుని ఆ పోలికలు దిద్దారు. అంటే ఈ మాటలో జస్టిస్ ఉన్నట్టు కనపడేది పండితుల భ్రమ వల్లనే. పుట్టుకతో లేదు. ఇంత నిజాయతీ గల వ్యుత్పత్తి నేనెక్కడా చూడలేదు.

ఇంకా లోపలికి వెళితే అసలు విశేషం. ఆ ‘యుక్స్‌టా’ మూలధాతువూ మన యుజ్ ధాతువూ ఒకే తల్లి పిల్లలు. యోగం, యుగ్మం, సంయోగం, నియోగం, కాడికి సంస్కృతంలో ఉన్న పేరు యుగం, అన్నీ అందులోంచి వచ్చినవే. కనక అడ్జస్ట్ కావడమంటే యోగమే! పాణినీయులు యుజ్ ధాతువుకు చెప్పిన అర్థాల్లో రెండు చూడండి, ఒకటి కూర్చడం, రెండోది సమాధి. యోగశాస్త్రంలో పెద్దలు రెండోది పట్టుకున్నారు. బస్సులో రెండూ ఒకేసారి సాధ్యం. ముందు కూరుస్తారు, గంట గడిచాక కాళ్లు తిమ్మిరెక్కి సమాధి దానంతట అదే కుదురుతుంది. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్న పతంజలి మాట మాత్రం ఈ శాఖలో చెల్లదు.

అవ్వండి: ఇక్కడ ఆగాలి. ఇంగ్లీషు మాట తెలుగు ఇంట్లోకి రావాలంటే అవు, చేయు అనే ఇద్దరు ద్వారపాలకుల్లో ఒకరి చెయ్యి పట్టుకోవాలి. ‘అడ్జస్ట్ అవ్వండి’ అంటే కష్టం మీది, కర్త ఎవరూ లేరు. ‘అడ్జస్ట్ చేయండి’ అంటే అప్పు. ‘ఒక ఐదువేలు అడ్జస్ట్ చేయండి’లో ‘ఇవ్వండి’ లేదు చూశారా, అందుకే ‘తిరిగి ఇస్తాను’ కూడా ఉండదు. ‘అడ్జస్ట్ చేసుకోండి’ అన్నిటికంటే గడుసుది. చిల్లర లేని కండక్టరు ఇద్దరు ప్రయాణికులకు కలిపి ఒక యాభై నోటు ఇచ్చి, ‘ఇద్దరూ అడ్జస్ట్ చేసుకోండి’ అని ముందుకు వెళ్లిపోతాడు. ముక్కూ మొహం తెలియని ఇద్దరిని ఒక నోటు కాడికి కట్టేస్తుంది. ఒకరు దిగుతుంటే రెండోవారు తమ ఊరు కాకపోయినా దిగి, కిళ్లీకొట్టు దగ్గర చిల్లర కోసం చెయ్యి చాపాలి. అక్కడా చిల్లర ఉండదు, రెండు చాక్లెట్లు ఉంటాయి. ఇదీ యోగమే, ధాత్వర్థం ప్రకారం శుద్ధమైనది.

సార్: స్పష్టం.

తాత్పర్యం. పూర్వం ‘జరగండి’ అనేవారు. అందులో మర్యాద తక్కువైనా హద్దు ఉంది. జానెడు జరిగితే పని అయిపోయింది, తర్వాత మన విసుగు మనది. అడ్జస్ట్ అలా కాదు. జరిగి ఊరుకుంటే చాలదు, నవ్వు మొహంతో జరగాలి. కాపురానికి వెళ్లే పిల్లకు ఇదే ఉపదేశం. ‘మా అమ్మాయి ఎక్కడైనా అడ్జస్ట్ అయిపోతుందండీ’ అని పెళ్లిచూపుల్లోనే కన్నవాళ్లు పూచీ పడతారు. ‘మా అబ్బాయి అడ్జస్ట్ అయిపోతాడు’ అనే ప్రయోగం ఏ కోశంలోనూ కనపడలేదు.

మలయాళ సినిమారంగంలో ఆడవాళ్ల స్థితిగతుల మీద జస్టిస్ హేమ కమిటీ ఇచ్చిన నివేదికలో ఈ మాట ఉంది. వేషం కోసం వచ్చిన ఆడవాళ్లను ‘అడ్జస్ట్‌మెంట్’కూ ‘కాంప్రమైజ్’కూ సిద్ధమేనా అని అడుగుతారని వాళ్లే చెప్పుకున్నారు. ఇక్కడ టీకాకారుడు ప్రతిపదార్థం రాయడు. 2019 డిసెంబరులో ప్రభుత్వానికి అందిన ఆ నివేదిక 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదు. నాలుగున్నరేళ్లకు పైగా అదీ ఏదో బీరువాలో అడ్జస్ట్ అయింది.

పూర్వపక్షి అంటాడు: సర్దుకుపోకపోతే లోకం నడుస్తుందా, ఇంతమందిమి ఇంత ఇరుకులో బతకడం ఆ గుణం వల్లనే కదా? నిజమే. పక్క ఊరి ముసలమ్మ బుట్టతో ఎక్కితే జరగనివాడు మనిషే కాదు. ఆమె ఏనాడూ ‘అడ్జస్ట్’ అనలేదు, ‘కూసింత చోటియ్యి నాయనా’ అంది. నా తగువు ఆమెతో కాదు. బస్సు ఇంకొకటి వేయవలసినవాడు, మనిషిని ఇంకొకరిని పెట్టుకోవలసినవాడు, అది చేయకుండా మన భుజం తట్టి మన మంచితనాన్ని పొగిడేవాడితో.

వాడిప్పుడు నోటితో అడగడం కూడా మానేశాడు. ఆంధ్రప్రదేశ్ కరెంటు బిల్లులో ‘ఎఫ్‌పీపీసీఏ’ అని ఒక వరుస ఉంటుంది. చివరి ‘ఏ’ మన అడ్జస్ట్‌మెంటే. ఇంధనానికీ, బయట కరెంటు కొనడానికీ అయిన ఖర్చు అనుకున్నదాని కంటే పెరిగితే ఆ తేడాను వినియోగదారుడు సర్దాలి. 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా బిల్లులోనే వేసుకోవచ్చన్నారు. కొంచెం లేదు, అవ్వండి లేదు, సార్ అసలే లేదు. విద్యున్మాల నుంచి విద్యుత్తు మాత్రం మిగిలింది. వచ్చే నెల మీరూ కౌంటరు దగ్గరికి వెళ్లి, ‘మా ఇంట్లో కందిపప్పు ఖర్చు అంచనా దాటింది, యూనిట్‌కు 40 పైసలు మీరు అడ్జస్ట్ అవ్వండి సార్’ అని అడిగి చూడండి. అవతలివాడు ఏ విభక్తిలో బదులిస్తాడో రాసుకు వస్తే మిగతా టీక పూర్తి చేస్తాను.