నేను గ్రాండ్‌మా మోసెస్ బల్లను

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు బెన్నింగ్టన్ మ్యూజియంలో ఉన్న పాత చెక్కబల్లను నేను. పొరుగున న్యూయార్క్ రాష్ట్రంలోని ఈగిల్ బ్రిడ్జ్ పల్లెలో, అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోసెస్ నా మీదే పెట్టుకుని బొమ్మలు వేసేది. నా పక్కల మీద ప్రకృతి దృశ్యాలు దిద్దిందీ ఆవిడే. లోకం ఆవిడను గ్రాండ్‌మా మోసెస్ అంది. డెబ్బై దాటాక, ఏమీ నేర్వని రైతు ఇల్లాలి చేతిలో కళ దానంతటదే పుట్టిందని కథ అల్లింది. ఆ కథ ఆవిడ పనితనాన్ని మింగేసింది. చిన్ననాడే పండ్ల రసాలతో కాగితాల మీద రంగులద్దిన మనిషి ఆవిడ. కుంచెకు ముందు ఊలు దారంతో బొమ్మలు కుట్టింది. కీళ్లనొప్పులతో సూది కష్టమయ్యాకే రంగులవైపు వచ్చింది. ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో దారమే నేర్పిందని నా నమ్మకం. ఇక పని వరుస చూడండి. మేసొనైట్ అనే, చెక్కపీచు నొక్కి చేసిన పలకకు ముందు తెల్లరంగు పూతలు. ఆపైన ఆకాశం, కొండలు, చెట్లు, ఇళ్లు, పశువులు, అన్నిటి తర్వాత మనుషులు. రంగు వృథా కాకుండా ఒకేసారి చాలా పలకలు సాగేవి. ఇంత లెక్క ఉన్న పనిని అమాయకత్వం అని ఎలా అంటాం?

పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించి దాచుకుని, వాటి గీతల మీదుగా మనుషుల ఆకారాలు దించేది కదా, అది నకలు కాదా అంటారు. నిజమే, దించింది. అయితే మంచులో మేపుల్ చెట్ల రసం కాచి పాకం పట్టే 'షుగరింగ్ ఆఫ్' బొమ్మల్లో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఆ తెలుపు మీద ఏ రంగు ఎక్కడ పడాలో ఏ కత్తిరింపూ చెప్పదు. ఆ కూర్పంతా ఆవిడదే. బొమ్మల్లో దుఃఖమే లేదు, పాతరోజులకు తీపి పూసిందన్న మాట ఇంకా బలమైంది. పదిమందిని కని, ఐదుగురిని పసితనంలోనే పోగొట్టుకుని, 1927లో భర్తను సాగనంపిన మనిషికి దుఃఖం తెలియదా? తెలిసీ పండగపూటను ఎంచుకుంది. చిత్రకారుల్లో ఎవరైనా చేసేది ఆ ఎంపికే. 1938లో హూసిక్ ఫాల్స్ మందులషాపు కిటికీలో కళాఖండాలు సేకరించే లూయిస్ కాల్డర్ కంటపడిన బొమ్మలూ, 1940లో న్యూయార్క్‌లో ఓటో కాలిర్ గ్యాలరీలో వేలాడినవీ ఆ ఎంపికతో పుట్టినవే. 1961లో 101 ఏళ్ల వయసులో కన్నుమూసేనాటికి బొమ్మల లెక్క 1500 దాటింది. ఆ ఏడు వేసిన 'రెయిన్‌బో'లో గీత వదులైంది, రంగులు ఒకదానిలోకి ఒకటి జారాయి. దాన్ని ముసలి చేతి వణుకు అనేవాళ్లున్నారు. నేను దాన్ని కొత్త ప్రయత్నం అంటాను.