కొసరు బావ

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, వెర్రిబీ, పాయింట్ కుక్ చుట్టుపక్కల, ఏ తెలుగువాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళినా మా బావ లాంటి మనిషి ఒకడు తగులుతాడు. వ్రతం జరిగే గదిలో ఉండడు. గరాజులో, మడత కుర్చీల వరసలో, ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, కొత్తగా ఇల్లు కొన్నవాణ్ణి మూలకి చేర్చి ఉంటాడు. "ఫ్రిజ్జు ఎక్కడ కొన్నావ్? నేరుగా షాపుకెళ్ళి కొనేశావా? నేరుగానా?" ఆ ‘నేరుగానా’లో బోలెడు జాలి. పెళ్ళిచూపులు కూడా చూసుకోకుండా తాళి కట్టేసిన కుర్రాణ్ణి చూసినట్టు చూస్తాడు. అవతలివాడు తల దించుకున్నాక తన క్యాష్‌బ్యాక్ సైటు లింకు పంపిస్తాడు. ఆ లింకు మీద చేరితే చేరినవాడికి పది డాలర్లు, చేర్చినవాడికి ఇరవై.

బావ ఏదీ నేరుగా కొనడు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఒక సైటుండాలి, ఆ సైటు వెనక ఒక కార్డుండాలి, కార్డు వెనక పాయింట్లుండాలి. ఇక్కడ సూపర్‌మార్కెట్లో 30 డాలర్ల సరుకు కొంటే పెట్రోలు లీటరుకు 4 సెంట్లు తగ్గే చీటీ ఇస్తారు. బిల్లు 27 దగ్గర ఆగిందంటే బావ కూడా అక్కడే ఆగుతాడు. ఆ మూడు డాలర్లు పూరించడానికి కొన్న చూయింగ్ గమ్ములు, అగ్గిపెట్టెలు, పెన్సిల్ బ్యాటరీలు వాళ్ళింట్లో ఒక సొరుగు నిండా ఉన్నాయి. నలభై లీటర్లు కొట్టిస్తే ఆ చీటీతో మిగిలేది డాలరూ అరవై సెంట్లు.

అలాగని పిసినారి అనుకోకండి. పిసినారి ఖర్చు పెట్టడు. మా బావ ధారాళంగా పెడతాడు. పెడితేనే కదా వెనక్కి వచ్చేది!

ఇది ఆయనకి వంశపారంపర్యంగా వచ్చింది. సొంతూరు తెనాలి. వాళ్ళమ్మగారు మార్కెట్లో వంకాయలు తూయించుకుని, డబ్బులిచ్చి కూడా అక్కణ్ణుంచి కదలరు. సంచీ మూతి తెరిచి పట్టుకుని, ఎటో చూస్తూ నిలబడతారు. గుప్పెడు కరివేపాకో, నాలుగు పచ్చిమిరపకాయలో సంచీలో పడ్డాకే అడుగు ముందుకి. కొసరు కోసం ఆవిడ నోరు తెరిచి అడగడం నేనైతే చూడలేదు. కొడుకు ఇంజినీరింగ్ చదివాడు, సముద్రాలు దాటాడు, సంచీ మూతి మాత్రం ఇంకా తెరిచే పట్టుకుని ఉన్నాడు.

ఈ విద్య మన ఒక్కరిదే కాదు లెండి. అమెరికాలో 1896 నుంచే కొట్లవాళ్ళు సరుకుతో పాటు పచ్చ స్టాంపులిచ్చేవారు. వాటిని పుస్తకంలో అతికించి, పుస్తకాలు నిండాక దీపమో దుప్పటో తెచ్చుకునేవాళ్ళు జనం. 1986లో డిస్కవర్ కార్డు వచ్చి ఖర్చులో కొంత నగదుగానే వెనక్కి ఇవ్వడం మొదలెట్టింది. ఇప్పటి క్యాష్‌బ్యాక్ సైట్లు చేసేది గుంటూరు మిర్చి యార్డు లెక్కే. బేరం తెచ్చినందుకు అమ్మేవాడు దళారీకి కమీషన్ ఇస్తాడు, దళారీ అందులో కొంత మన చేతిలో పెడతాడు. కాకపోతే యార్డులో దళారీ మన పక్కనే కండువా వేసుకుని కూర్చుంటాడు. ఇక్కడ మనం ఎవరి మనిషిమో చెప్పేది కంప్యూటర్లో పడి ఉండే కుకీ అనే చిన్న గుర్తు. డబ్బు కట్టే ముందు ఆఖరుగా ఎవరి గుర్తు పడిందో కమీషన్ వాళ్ళది.

అందుకే బావ మడి కడతాడు.

సంధ్యావందనం ఎప్పుడు మానేశాడో ఆయనకే గుర్తులేదు గానీ, బుకింగ్ రోజున ఆయన పాటించే ఆచారం చూస్తే మా నాయనమ్మ గుర్తొస్తుంది. మొన్న ఈస్టర్ సెలవులకి న్యూజీలాండ్ వెళ్ళి, దక్షిణ దీవిలో తొమ్మిది రోజులు క్యాంపర్‌వ్యాన్‌లో తిరగాలని అనుకున్నాం. బావ, అక్క, మేనకోడలు, నేను. పడక, పొయ్యి, ఫ్రిజ్జు, టాయిలెట్ అన్నీ ఉన్న బండి. బావ తన లాప్‌టాప్ పనికిరాదన్నాడు. అందులో ప్రకటనల్ని ఆపే సరంజామా ఉందట, దాంతో గుర్తు పడదట. అక్క లాప్‌టాప్ శుద్ధమైనదని దాన్ని తెచ్చాడు. పాత కుకీలన్నీ తుడిచాడు. తెరిచి ఉన్న కిటికీలన్నీ మూశాడు. "ఇంకెవరూ దీన్ని ముట్టుకోకండి" అని డైనింగ్ టేబుల్ మధ్యలో పెట్టాడు. మేనకోడలు స్కూలు ఈమెయిల్ చూసుకుంటానని చెయ్యి చాపింది.

"మైలపడుద్దే!" అన్నాడు బావ. నిజంగా ఆ మాటే అన్నాడు.

దీనికి ముందు ఇంకో కథ ఉంది. జనవరిలో అక్క ఒక బండి చూసిపెట్టింది. నలుగురు పడుకోవచ్చు, రోజుకు 160 న్యూజీలాండ్ డాలర్లు. క్యాష్‌బ్యాక్ నూటికి 4. బావ ఆగమన్నాడు. "వీళ్ళు అప్పుడప్పుడూ ఒక్కరోజు రేటు రెట్టింపు చేస్తారు. మంచిరోజు రానీ." మూఢం వెళ్ళేదాకా పెళ్ళి ఆపినట్టు ఆరు వారాలు ఆపాడు. మంచిరోజు వచ్చింది, 8 శాతం అయింది. ఈలోపు నలుగురి బండి ఎవరో ఎగరేసుకుపోయారు. ఆరుగురు పడుకునేది మిగిలింది, రోజుకు 200.

"అప్పుడైతే 57 వచ్చేది, ఇప్పుడు 144 వస్తోంది!" అన్నాడు బావ.

"అద్దె 360 పెరిగింది కదండీ" అంది అక్క.

"నువ్వు ఎప్పుడూ ఖర్చు వైపు నుంచే చూస్తావ్."

అసలు ఫోన్ చేసి నేరుగా మాట్లాడితే అద్దె కంపెనీవాళ్ళే నూటికి పది తగ్గిస్తామన్నారు. ఆ సంగతి నేనే కనుక్కుని చెప్పాను. బావ నన్ను దగ్గర కూచోబెట్టుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "అది వాడు తగ్గించింది బావమరిదీ. ఇది మనం సంపాదించింది."

సరే, డబ్బు కట్టే పేజీ దాకా నిష్ఠగా వెళ్ళాం. అక్కడ తెర మూలన ఒక చిన్న డబ్బా ఎగిరొచ్చి, ‘మీకోసం కూపన్లు వెతకనా?’ అని అడిగింది. అక్క చీరలు కొనుక్కునేటప్పుడు ఎప్పుడో పెట్టుకున్న సాధనం అది. ఇంకా ఏదైనా కొసరు దొరుకుతుందేమోనని బావ కళ్ళు మెరిశాయి. "అడుగుతోందిగా, వెతకనీ" అని నొక్కాడు. అది కాసేపు గిరగిరా తిరిగి, ఏమీ లేవంది. "పోతే పోయింది" అన్నాడు. ఈ డబ్బాని మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. మేమైతే మర్చిపోయాం.

క్రైస్ట్‌చర్చ్‌లో బండి తీసుకునేటప్పుడు కౌంటర్లో అమ్మాయి ఒక్కొక్కటీ చదువుతుంటే, ప్రతిదానికీ బావది ఒకటే ప్రశ్న, "దీని మీద క్యాష్‌బ్యాక్ ఉందా?" ఆ దేశంలో డీజిల్ ధరలో రోడ్డు పన్ను కలవదు. తిరిగిన దూరాన్ని బట్టి వేరే కట్టాలి, మేం వెళ్ళినప్పుడు చిన్న బండికి వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్లు. దాని మీద లేదు. మడత టేబుల్ మీద లేదు. రోజుకు 50 డాలర్ల అదనపు ఇన్సూరెన్స్ మీద కూడా లేదు.

"లేనప్పుడు ఎందుకు?" అని ఇన్సూరెన్స్ వద్దన్నాడు.

అయితే 5,000 డాలర్లు డిపాజిట్ కట్టాలని, బండి భద్రంగా తెస్తే తిరిగి ఇస్తామని ఆ అమ్మాయి చెప్పింది. బావ ముఖం విప్పారింది. రెట్టింపు పాయింట్లిచ్చే కార్డు తీసి, బిడ్డకి అన్నప్రాశన చేస్తున్నంత మురిపెంగా ఆ యంత్రానికి తాకించాడు. ఆ కార్డుకి పరాయి దేశపు కొనుగోలు మీద నూటికి 3 రుసుము ఉంది. ఆ రుసుము లేని కార్డు అక్క బ్యాగులో ఉంది. దానికి పాయింట్లు లేవు కనుక ఆ ప్రయాణమంతా అది బయటి వెలుతురు చూడలేదు.

టెకాపో సరస్సు దగ్గర మొదటి రాత్రి. ఒడ్డున 1935లో కట్టిన బుల్లి రాతి చర్చి, దాని వెనక నీళ్ళు, పైన ఆకాశం. ఆ ప్రాంతాన్ని 2012లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. వీధి దీపాలకి కూడా కాంతి పైకి పోకుండా గొడుగులు పెడతారు. పాలపుంత అంటే పుస్తకంలో చదవడమే గానీ, ఇలా నెత్తిమీద కుమ్మరించినట్టు ఉంటుందని నాకు తెలీదు. మేనకోడలు మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుంది. ఆ చీకట్లో ఒక్కటే దీపం వెలుగుతోంది, అది మా బావ ఫోను. క్యాష్‌బ్యాక్ నమోదైందో లేదో చూసుకుంటున్నాడు. పక్క బండి ముందు కెమెరా నిలబెట్టుకుని నక్షత్రాల ఫొటోలు తీస్తున్న పెద్దాయన వచ్చి, ఆ వెలుతురు కాస్త ఆపుతారా అని మర్యాదగా అడిగాడు. బావ అంతకన్నా మర్యాదగా, ఆ కెమెరా ఎక్కడ కొన్నారని అడిగాడు. నేరుగానే కొన్నాడట పాపం.

ఆ రాత్రే చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు బయటపడ్డాయి. అద్దెలో కలిసి ఉన్న 15 శాతం జీఎస్టీ మీద క్యాష్‌బ్యాక్ రాదు. 144 కాస్తా 125 అయింది. "పంతొమ్మిది డాలర్లు కొట్టేశారు!" అని బావ పాలపుంత కింద గుండెలు బాదుకున్నాడు.

టాయిలెట్ ఉండి పచ్చ స్టిక్కరున్న బండ్లు, ఊరి నియమాలు ఒప్పుకున్నచోట, డబ్బు కట్టకుండా రాత్రి ఆగవచ్చు. ఈ సంగతి తెలిశాక బావ మళ్ళీ డబ్బు కట్టి ఆగే హాలిడే పార్కు గడప తొక్కనివ్వలేదు. మరి ఆ టాయిలెట్ కింద సూట్‌కేసంత డబ్బా ఒకటి ఉంటుంది. రెండు రోజులకోసారి దాన్ని లాక్కెళ్ళి, నిర్ణీత స్థలంలో ఖాళీ చేసి, కడిగి తేవాలి. "అదీ ఫ్రీయే!" అన్నాడు బావ. ఆ పని బావమరిదికి దక్కిన కొసరు.

మిల్‌ఫర్డ్ సౌండ్‌కి పోయే దారిలో హోమర్ సొరంగం ఉంది. 1954లో తెరిచారు, కిలోమీటరు పైనే పొడవు, సిగ్నల్ కోసం బయట ఆగాలి. ఆగినవాళ్ళ కోసం అక్కడ కియాలు కాచుకుని ఉంటాయి. కొండల మీద బతికే ఆకుపచ్చ చిలకలు, కోడంతేసి ఉంటాయి, ముక్కు పట్టకారు లాంటిది. ఒకటొచ్చి మా బండి కిటికీ అంచు రబ్బరు పట్టుకుని లాగడం మొదలెట్టింది. బావ వీడియో తీశాడు, మురిసిపోయాడు. మూరెడు రబ్బరు ఊడి వచ్చాక ఆయనకి ఇన్సూరెన్స్ గుర్తొచ్చింది. "హుష్! హుష్!" అన్నాడు. తెనాలి కాకులకి అర్థమయ్యే భాష దానికేం తెలుసు? నింపాదిగా రెండో కిటికీకి వెళ్ళింది.

తిరుగు విమానంలో నేను కాగితపు రుమాలు మీద లెక్క కట్టాను. ఆగినందుకు పెరిగిన అద్దె 360. అద్దె మీదా డిపాజిట్ మీదా కార్డు రుసుము 204. రబ్బరుకి డిపాజిట్లోంచి మినహాయించుకున్నది 180. మొత్తం 744. రావలసింది 125. చూపిస్తే బావ ఆ రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

ఆ 125 కూడా వెంటనే రాదు. ప్రయాణం ముగిసినట్టు అద్దె కంపెనీ ఒప్పుకోవాలి, ఆపైన మూడు నెలలు. బావ రోజూ పొద్దున కాఫీ కన్నా ముందు ఖాతా తెరిచి, ‘పెండింగ్’ అన్న మాటని చూసి మూసేవాడు. జూలై చివర్లో జవాబొచ్చింది. తిరస్కరించారు. కారణం, చివరి క్లిక్ వేరొకరిది.

ఎవరిదా అని ఇల్లంతా వెతికాం. అక్క లాప్‌టాప్‌లో, ఆ కూపన్ల డబ్బా ఖాతాలో, మార్చి నెల తారీఖుతో కొన్ని పాయింట్లు పడి ఉన్నాయి. మడి కట్టుకున్నవాడే స్వహస్తంతో ముట్టుకున్నాడు. అక్క ఏమీ అనలేదు. ఆ పాయింట్లతో ప్రెషర్ కుక్కర్‌కి కొత్త రబ్బరు తెప్పించుకుంది.

ఆగస్టులో బావ వాళ్ళమ్మగారు తెనాలి నుంచి వచ్చారు. కూరలకని అందరం ఫుట్‌స్క్రే మార్కెట్‌కి వెళ్ళాం. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కూరలమ్మే వియత్నాం ఆవిడకి తెలుగు రాదు. వంకాయలు తూచడం, డబ్బులివ్వడం అయింది. అక్క అత్తగారు కదల్లేదు. సంచీ మూతి తెరిచి పట్టుకుని ఎటో చూస్తున్నారు. కూరలావిడ ఒక్క క్షణం చూసి, నవ్వి, గుప్పెడు పచ్చిమిరపకాయలు సంచీలో పడేసింది.

బావ వాటి వంక చాలాసేపు చూశాడు. కారెక్కాక, అడగాలా వద్దా అన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, అంతకుముందు వేరే కొట్లో కూడా నిలబడ్డావా?"

"మూడు కొట్లలో నిలబడ్డాన్రా. మూడు చోట్లా ఇచ్చారు."