లక్కయింట నిలిచిన నాదము

నేను పండ్రెండంగుళముల నల్లని గ్రామఫోను ప్లేటును. నా నడుమ నంటించిన ఎఱ్ఱకాగితముపై, బాకా ఎదుట చెవియొగ్గి కూర్చున్న కుక్కబొమ్మయు, దాని క్రింద సెర్గేయ్ రహ్మానినోవ్ అను పేరును, ఆయన రెండవ పియానో కన్సర్టో పేరును నేటికిని చదువ వీలుగా నున్నవి. మేము ఐదుగురము తోబుట్టువులము. ఆ కృతి యంతయు మా పది ముఖములపై పంచి వ్రాయబడినది. అందు మొదటిదానను నేను. వయస్సున నూఱేండ్లకు చేరువైతిని. పలుకు శక్తి యింకను కొంత మిగిలి యుండగనే నా కథ చెప్పుకొనవలెనని కోరిక కలిగినది.

నా పూర్వజన్మము భారతదేశపు టడవులలో గడచినది. మోదుగకొమ్మలను, రేగుకొమ్మలను ఆశ్రయించి, వాని రసమును పీల్చి బ్రదుకు చిఱుపురుగులు తమ యొడలినుండి స్రవించు జిగురుతో తమకు తామే కట్టుకొను గూడే లక్క. ఛోటానాగపురపు కొండసీమలలో వనవాసులు ఆ కొమ్మలను నఱకి, పెచ్చులను గీఱి తెచ్చి యిచ్చినదానిని వర్తకులు కడిగి, కరగించి, పలుచని రేకులుగా సాగదీసి, కలకత్తా రేవున ఓడల కెక్కించెడివారు. ఆ కాలమున లోకమందలి గ్రామఫోను ప్లేట్లకు ప్రధానమైన యాధారము ఆ లక్కయే. తెలుగువారికి లక్క యనగానే గాజులును, ఏటికొప్పాక బొమ్మలును, భారతకథలోని లాక్షాగృహమును స్మరణకు వచ్చును. ఆ యిల్లు లోపలివారిని దహించుటకై కట్టబడినది. నేనో, లోపల నున్నదానిని కాలాగ్నినుండి కాపాడుటకై కట్టబడిన లక్కయింటిని.

1929 ఏప్రిల్ నెలలో, ఫిలడెల్ఫియా నగరమందలి ‘అకాడమీ ఆఫ్ మ్యూజిక్’ అను సంగీతశాలలో నాలోని నాదము పుట్టినది. లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ ఫిలడెల్ఫియా వాద్యబృందమును నడుపుచుండగా, కృతికర్తయైన రహ్మానినోవ్ తానే పియానో ముందు కూర్చుండెను. అప్పటికి ప్లేట్ల తయారీలో మైక్రోఫోను వాడుకలోనికి వచ్చి నాలుగేండ్లైనది. అంతకుమున్నువలె వాద్యగాండ్రందఱును బాకానోటి చుట్టు క్రిక్కిఱిసి నిలువవలసిన యగత్యము తప్పినది. మైక్రోఫోను గ్రహించిన నాదము విద్యుత్తుగా మాఱి ఒక సన్నని ఉలిని కంపింపజేయుచుండగా, గిరగిర తిరుగు మైనపుబిళ్ళపై ఆ ఉలి గాడి తీయుచు పోయెను. ఒక ముఖమున పట్టు కాలము నాలుగు నిమిషములు, మించిన నాలుగున్నర. నడుమ నొక వ్రేలు తడబడినను, ఒక వాద్యము అపస్వరము పలికినను దిద్దుబాటునకు తావు లేదు. ఆ మైనమును ప్రక్కకు నెట్టి, క్రొత్తమైనముపై మొదటినుండి మఱల వాయింపవలసినదే. ఇంచుమించు 32 నిమిషముల యా కృతిని పది తునుకలుగా కోసికొని, ప్రతి తునుకయు నొక పరీక్షయనునట్లు వారు వాయించిరి.

ఆ మైనముపై లోహపుపూత పెంచి ఒలిచిన అచ్చు, ఆ అచ్చునకు ప్రతి, ఆ ప్రతికి మఱల అచ్చు, ఇట్లు మూడు తరములు గడచిన పిమ్మట డెలావేర్ నది కావలియొడ్డుననున్న కామ్‌డెన్ పట్టణపు కర్మాగారములో నాకు శరీరము లభించినది. లక్కయు, రాతిపొడియు, మసియు, దూదినూగును కలిపి వేడిచేసిన ముద్దను రెండచ్చుల నడుమ నుంచి, ఆవిరివేడితో నొక్కి, చన్నీట చల్లార్చిరి. ఆ రాతిపొడియే నా బలమును, నా దోషమును. అది లేకున్న భారమైన ఉక్కుముల్లు నా గాడిని కొలది దినములలోనే అఱగించును. అది యుండుటచే ముల్లు తిరిగినంతసేపు సరసరమను చప్పుడు నన్ను వీడదు.

నా మొదటి ముఖముపై ముల్లు దిగిన వెంటనే పియానో ఒంటరిగా పలుకును. దూరపు చర్చిగంటలవలె మెల్లగా మొదలైన స్వరగుచ్ఛములు ప్రతిపర్యాయమును అడుగుననున్న మంద్రస్వరమునకు దిగివచ్చుచు, ఒక్కొక్క మెట్టున బలము హెచ్చించుకొనుచు, తుదకు గట్టు తెగిన ప్రవాహమువలె వాద్యబృందము నంతను మేల్కొలుపును. అంతట నొక విశేషము జరుగును. ప్రధానమైన పాటను తీగవాద్యములు అందుకొనును. నాయకస్థానమున నున్న పియానో వాని క్రింద అలలవలె పరుగిడుచు వానికి తోడుమాత్రమే యగును. తానే రచించి, తానే వాయించుచు, తన కృతిలో తనకు తానే రెండవస్థానము నిచ్చుకొన్న యా వినయము నాకు నేటికిని ఆశ్చర్యము గొలుపును. తరువాతివారు పలువురు ఈ భాగమును సాగదీసి కన్నీరు తెప్పింపజూచిరి; కర్తమాత్రము జాగుచేయడు. దుఃఖమును లెక్క తప్పనీయక నడిపించును.

ఆ నిగ్రహము ఊరక వచ్చినది కాదు. 1897లో పీటర్స్‌బర్గున ఆయన మొదటి సింఫనీ ఘోరముగా విఫలము కాగా, ఆ యువకుడు మూడేండ్లపాటు చెప్పదగిన కృతి నొక్కటియు వ్రాయజాలకపోయెను. నికొలాయ్ దాల్ అను వైద్యుడు సమ్మోహనచికిత్సతోడను, మంచిమాటలతోడను ఆయనకు ధైర్యము గఱపెను. కోలుకొని వ్రాసిన కృతియే యిది. దానిని ఆయన ఆ వైద్యునికే అంకితము చేసెను. 1901 నవంబరున మాస్కోలో ఇది మొదటిసారి సమగ్రముగా వినబడినపుడును పియానో ఎదుట నున్నవాడు ఆయనయే. 1917 తుదిని రష్యా విప్లవకాలమున స్వదేశము విడిచెను. అటుపిమ్మట జీవించిన 25 ఏండ్లలో ఆయన వెలువరించిన సంఖ్యాంకిత కృతులు ఆఱు మాత్రమే. మాతృభూమి దూరమైనంతనే పాట కూడ దూరమైనది, మిగిలినవి చేతులు.

1930లో రష్యాదేశమును చూచి వచ్చిన రవీంద్రనాథ ఠాకూరు అచ్చటి విద్యావ్యాప్తిని ప్రశంసింపగా, దానిని ఖండించుచు 1931 జనవరిలో ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రికలో ఒక లేఖ వెలువడినది. సంతకము చేసిన మువ్వురిలో రహ్మానినోవ్ ఒకడు. ఆ యేడే సోవియట్ దేశమున ఆయన సంగీతమును బహిష్కరింపవలెనని పిలుపు పుట్టినది. కొంతకాలము అచ్చటి సంగీతవిద్యాలయములలో ఆయన కృతులు నిషిద్ధములయ్యెను. జన్మభూమిలో నోరు నొక్కబడిన యా గానము నా గాడులలో ఎవ్వరి యనుమతియు లేకయే మ్రోగుచుండెను.

నన్ను కొన్నది ఫిలడెల్ఫియాలో పిల్లలకు పియానో నేర్పు నొక యుపాధ్యాయిని. ఆమె చేసిన యుపచారము నేను మఱవజాలను. చేతులు తుడుచుకొని, అంచులను మాత్రమే అఱచేతులతో పట్టి నన్ను సంచినుండి తీసి, మెత్తని గుడ్డతో గాడివెంట గుండ్రముగా తుడిచి, యంత్రమునకు కీ యిచ్చి, క్రొత్త ఉక్కుముల్లు బిగించి, ఊపిరి బిగబట్టి దింపెడిది. ఒక ముఖము ముగియగనే లేచి నన్ను త్రిప్పవలెను, ముల్లు మార్పవలెను. ఆ విరామమున శిష్యులతో, “ఇక రాబోవు స్వరమేదో మనసులో పాడుకొనుడు” అనెడిది. కృతి తునుకలగుటవలన వచ్చిన కొఱత ఆ పిల్లలకు పాఠమైనది. ఒకనాడొక బాలుడు నన్ను త్రిప్పబోయి జాఱవిడువగా నా యంచున వెండ్రుకవాసి పగులు వచ్చినది. నాటినుండి ఆ గంటల మొదటి స్వరములనడుమ నిమిషమునకు 78 మాఱులు టక్కుమను చప్పుడు వినవచ్చును. ఆమె వానిపై కోపింపలేదు, నన్ను పాఱవేయలేదు.

మా యఱలోనికి క్రమముగా చుట్టములు వచ్చి చేరిరి. 1932లో రష్యా సంగీతకర్తయే యగు ప్రొకోఫియెవ్ లండను నగరమున తానే వాయించిన మూడవ పియానో కన్సర్టో వచ్చినది. ఉక్కుసుత్తులవంటి ఆతని వ్రేళ్ళ చుఱుకు మా గాంభీర్యమునకు క్రొత్త. సోవియట్ సంగీతకర్త షొస్తకోవిచ్ తన చదువు ముగియువేళ పరీక్షకృతిగా వ్రాసిన మొదటి సింఫనీ, స్టొకోవ్‌స్కీ నడుపగా 1933లో ప్లేట్ల కెక్కి వచ్చినది. 1942 జూలై 19న ఆ గదిలోని రేడియోలో షొస్తకోవిచ్ ఏడవ సింఫనీని టోస్కనీనీ నడిపించుట మేమందఱము వింటిమి. ముట్టడికి ముందు లెనిన్‌గ్రాడున మొదలుపెట్టబడి, సూక్ష్మఛాయాచిత్రముల చుట్టగా టెహరాను, కైరో మార్గమున అమెరికా చేరిన కృతి యది. మూడు వారముల పిమ్మట, ఆగస్టు 9న, లెనిన్‌గ్రాడుననే ఎలియాస్‌బెర్గ్ నడుపగా ఆకలితో చిక్కి శల్యమైన వాద్యగాండ్రు దానిని వాయించిరి. సైన్యమునుండి కొందఱు వాద్యగాండ్రను పిలిపించినగాని బృందము పూర్తికాలేదు. ఆ నాదమును ధ్వనివర్ధకములు ముట్టడించినవారి చెవులవఱకును చేర్చినవి.

ఆ యేడే లక్కకు కఱవు వచ్చినది. యుద్ధమువలన సరఫరా తగ్గి, ఉన్న లక్క సైన్యావసరములకు పోవుచుండగా, పాతప్లేట్లను సేకరించి నలిపి క్రొత్తవానిలో కలుపజొచ్చిరి. ఆమె తన నాట్యగీతముల ప్లేట్లను పెట్టెలకెత్తి యిచ్చివేసినది. మా యఱను మాత్రము తాకలేదు. అంతకు కొన్ని నెలల ముందు, 1941 నవంబరు 1న, రహ్మానినోవ్ న్యూయార్కున చేసిన కచేరీ రాబడిని రష్యా సైనికుల వైద్యసహాయమునకై సమర్పించెను. పాలకులతో వైరమున్నను ప్రజలతో లేదని ఆయన చేతులతో చెప్పిన మాట యది. 1943 మార్చి 28న, 70వ జన్మదినమునకు నాలుగు దినముల ముందు, పరదేశముననే కన్నుమూసెను. ఆ వార్త వచ్చిన సాయంకాలము ఆ యుపాధ్యాయిని మా ఐదుగురిని వరుసగా వినిపించి, దీపము వెలిగింపక చాలసేపు కూర్చుండెను.

1948లో నిదానముగా తిరుగు వినైల్ ప్లేటు వచ్చినది. మావంటి వారలము అటుకల కెక్కితిమి. మాతోడి యచ్చులలోని నాదమును టేపునకును, అటుపిమ్మట సంఖ్యారూపమునకును మార్చిరి, సరసరధ్వనిని వడగట్టిరి. నేడు ముల్లు లేక, కీ యిచ్చు శ్రమ లేక, చేతిలోని ఫోనునందే ఆ వాదనము విననగును. దానికి నేనసూయపడను, లక్కయిల్లు శిథిలమైనను లోపలివారు సొరంగమున బయటపడిరనుటయే మా వంశమునకు సంతోషము.

చదువరులారా, నాదొక్కటే విన్నపము. ఈ కన్సర్టోను నేటి గొప్పవారు ఎందఱో మెఱుగైన యంత్రములతో వినిపించియున్నారు, వారిని వినుడు. కాని ఒక్కసారి 1929 నాటి యీ వాదనమును కూడ వినుడు. మొదటి నిమిషమున మీకు చప్పుడే వినబడును, ఓర్చుకొనుడు. రెండవ నిమిషమున చెవి దానిని మఱచిపోవును. అటుపిమ్మట వినబడునవి ఆయన చేతులు.