బొమ్మలు సరే, తర్వాతేంటి?

మా చుట్టాల్లో బొమ్మలు గీయడాన్ని ఎవరూ తప్పు పట్టరు. "చేతిలో సరస్వతి ఉందమ్మా" అంటారు. సంక్రాంతికి వాకిలంతా ముగ్గేయిస్తారు, సీమంతానికి కుర్చీ వెనక థర్మోకోల్ నెమలి చేయిస్తారు. అదే సరస్వతి ఎంసెట్ వదిలేసి బీఎఫ్ఏలో చేరేసరికి మాత్రం మా పెదనాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు హైదరాబాదులో ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. పెళ్ళిలో విస్తరి ముందు కూచుంటే చాలు, పప్పుకన్నా ముందు ఈ ప్రశ్న వడ్డిస్తారు: "బొమ్మలు సరే, తర్వాతేంటి?"

జవాబు దొరుకుతుందేమోనని నేను దణ్ణం పెట్టుకునే చిత్రకారుల జీవితాలు తిరగేశాను. వాళ్ళలో ఒక్కరూ నాకు పనికొచ్చేలా బతకలేదు. బాపు మద్రాసులో లా పట్టా పుచ్చుకుని మరీ బొమ్మల్లోకి వచ్చారని చదివి, ఆ ముక్క నాన్న దగ్గర అన్నాను. "చూశావా? ముందు పట్టా, తర్వాత బొమ్మలు" అని లా సెట్ తేదీ కనుక్కొచ్చారు. పోనీ తోట వైకుంఠం గారు. రూపాయి కాసంత బొట్లు పెట్టుకుని నిలబడ్డ ఆయన తెలంగాణ ఆడవాళ్ళని చూశాక నేను నెల్లాళ్ళు సన్నబొట్టు గీయలేదు. ఆయన 'దాసి' సినిమాకి కళాదర్శకుడిగా జాతీయ అవార్డు తెచ్చుకున్నారని చెబితే అమ్మ చెవికెక్కింది ఒక్కటే మాట. "అయితే సినిమాల్లోకా?!"

మాది రాజమండ్రి కాబట్టి దామెర్ల రామారావు మా ఊరి సొత్తు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చెయ్యి చూసి బొంబాయి జేజే స్కూలు దారి పట్టించాడు. 1925లో మశూచి సోకి, ముప్ఫయ్యేళ్ళైనా నిండకుండానే పోయాడాయన. వేసినవి మాత్రం ఈ రోజుకీ ఊళ్ళో ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఉన్నాయి. చిన్నప్పుడు ఎండ తప్పించుకోడానికి అందులోకి దూరేదాన్ని, బయటికి రాబుద్ధయ్యేది కాదు. ఆయన కథలో నాకు తెలిసిన కిటుకు ఒక్కటే: దొర కావాలి. నాకు దొర దొరకలేదు.

కిందటి వేసవి సెలవుల్లో కలంకారీ పిచ్చి పట్టింది. శ్రీకాళహస్తి పద్ధతిలో బట్టని కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెడతారు, సిరా పాకిపోకుండా. పాలకుర్రాడి దగ్గర లీటరు ఎక్కువ పోయించుకున్నాను. "మీ నాన్నకి పెరుగు చాలక నేను ఏడుస్తుంటే నువ్వు గుడ్డకి పాలు పడతావటే?" అంది అమ్మ. అది చిన్న గొడవ. అసలు గొడవ నలుపు రంగుతో వచ్చింది. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్ళలో వేసి వారాల తరబడి పులియబెడితేగాని ఆ నలుపు తయారు కాదు. డాబా మీద కుండ పెట్టి మూతకి గుడ్డ కట్టాను. మే నెల ఎండకి వాసన వీధి చివరిదాకా వెళ్ళింది. ఎదురింటి పిన్నిగారు గొంతు తగ్గించి అమ్మని అడిగారు: "వదినా, ఏమనుకోకు... పైన సారా గాని కాస్తున్నారా?"

ఆ నీళ్ళు చూస్తే కాఫీ డికాషన్‌లా ఉంటాయి, అంతే. వెదురు కలం ముంచి కరక్కాయ తాగిన గుడ్డ మీద గీత లాగితే, కళ్ళ ముందే ఆ గీత నల్లబడుతుంది. నాన్న పేపరు పక్కన పెట్టి పది నిమిషాలు నిలబడి చూశారు. చివర్న, "దీనికి నోటిఫికేషన్లు పడతాయా?" అన్నారు.

క్లాసులో మిగతావాళ్ళకి ఈ బెంగ లేదని కాదు. గచ్చిబౌలిలో గేమ్ కంపెనీ అంటాడొకడు, బరోడాలో ఎంఎఫ్ఏ అంటుందొకతె. నేను సోమవారం యాప్‌ల డిజైన్ అంటాను, గురువారానికి శాంతినికేతన్ వెళ్ళిపోతాను. శనివారం హాస్టల్ పక్క సందులో ఫ్లెక్సీలు చేస్తాను. ఇంతవరకూ నా చేతికి నాలుగు రాళ్ళిచ్చింది ఆ కొట్టొక్కటే.

నవ్వకండి, ఫ్లెక్సీకి శాస్త్రం ఉంది. లేపాక్షి గుడి కప్పు మీద వీరభద్రుడు కొండంత ఉంటాడు, కట్టించిన విరూపణ్ణా వీరణ్ణా ఆయన పాదాల దగ్గర బుల్లిబుల్లిగా ఉంటారు. హోదాని బట్టి సైజు అన్న సూత్రం ఫ్లెక్సీలోనూ అదే, కాకపోతే తిరగబడింది. ఇక్కడ డబ్బిచ్చినవాడే వీరభద్రుడు. దేవుడు పై మూలన బిళ్ళంత ఉంటాడు. కింది వరసలో యువసేన తలకాయలు సున్నాల్లో పడతాయి. అక్కడ ఒక సున్నా చిన్నదైతే రాత్రికి కొట్లాటే.

పోయిన శనివారం ఒకాయన కుర్చీ లాక్కుని నా పక్కనే కూచున్నాడు. "చెల్లె, మా అన్న తలకాయ జర పెంచు." పెంచాను. "ఇంకా జర." చార్మినార్ మాయమైంది. "గిట్ల ఉండాలె! మస్తు చేసినవ్. నీకు మంచి ఫ్యూచర్ ఉన్నది." అంత మాటన్నది నా జన్మలో ఆయనొక్కడే. పొంగిపోయి బిల్లు చేతికిచ్చాను. "అన్న గెలిచినంక ఇస్తం."

"ఏ ఎలక్షన్లో నిలబడుతున్నారు?" అన్నాను.

ఆయన బుర్ర గోక్కున్నాడు. "గదే చెల్లె, అన్నకే ఇంకా క్లారిటీ లేదు."