గోడలో గాలి ఉంది, దుప్పటేదీ?

మా రోజుల్లో ఆక్సిజన్ అంటే నల్ల సిలిండరు. నేను సర్కారాసుపత్రి థియేటర్లో నర్సుగా చేసిన కాలంలో వార్డుబాయ్ దాన్ని అంచుమీద దొర్లించుకుంటూ తెచ్చేవాడు. తీరా తెచ్చాక తిప్పే తాళం దొరికేది కాదు. అందుకే పొదుపు. కుట్లకు చీము పట్టకుండా ఆక్సిజన్ ఇస్తారంటే ఎవరైనా నవ్వేవారు. చీముకు కారణం అందరికీ తెలిసిందేగా, పప్పు! చాటుగా పప్పన్నం పెట్టిందెవరని బంధువుల మధ్య పంచాయతీ జరిగేది. ముందురోజు రాత్రి మంగలి కత్తితో గీకి పెట్టిన గాట్లు మాత్రం ఎవరి కంటా పడేవి కావు.

ఇప్పుడో, ప్రతి మంచం పక్కనా గోడలోంచే ఆక్సిజన్. బిరడా తిప్పితే చాలు. పిల్ల డాక్టర్లకు దాని మీద ఎంత నమ్మకమో! నమ్మకానికి ఆధారం లేకపోలేదు. తెల్లరక్తకణం సూక్ష్మజీవిని చంపడానికి వాడే విషం ఆక్సిజన్‌తోనే తయారవుతుంది. యూరప్‌లో 500 మంది పెద్దపేగు రోగులపై చేసిన పరీక్ష 2000లో అచ్చయింది. ఆపరేషన్‌లోనూ, తర్వాత రెండు గంటలూ 30 శాతం బదులు 80 శాతం ఆక్సిజన్ ఇస్తే, చీము పట్టడం 11 శాతం నుంచి 5కి దిగింది. సంబరపడేలోపే, 2009లో డెన్మార్క్ వాళ్లు 1,400 మందిపై చూసి తేడా ఏమీ లేదన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సరేసరి. 2016లో మత్తిచ్చి గొట్టం వేసినవాళ్లకు 80 శాతం ఇవ్వాల్సిందేనని గట్టిగా చెప్పి, 2018లో గొంతు తగ్గించింది.

నా గొణుగుడు అది కాదు. మాస్కులో ఎంత పోసినా గాయందాకా మోసుకెళ్లాల్సింది రక్తమేగా? ఒళ్లు చల్లబడితే చర్మం కింది నాళాలు ముడుచుకుపోతాయి. 1996లోనే తేల్చారు: పేగు ఆపరేషన్‌లో ఒళ్లు వెచ్చగా ఉంచినవాళ్లలో చీము 6 శాతం, చల్లబడనిచ్చినవాళ్లలో 19. అయినా నేటి థియేటర్లలో ఏసీ సర్జను సుఖం కోసమే. రోగి పళ్లు టకటకలాడిస్తూ బయటికొస్తాడు, పైన పల్చటి గుడ్డ ఒక్కటి. మా హెడ్‌సిస్టరయితే ఎర్రకంబళి కప్పకుండా ట్రాలీని గడప దాటనిచ్చేది కాదు. ఆవిడకు ఏ పరీక్షల సంగతీ తెలియదు.

ఆపరేషన్‌కు వెళ్లే నాయనలారా, బీడీ, సిగరెట్టు నెల ముందే మానండి. బయట కాచుకున్న అమ్మలారా, పలకరింపుల కోసం మాస్కు పీకకండి. ముందు దుప్పటి అడగండి. ఇవ్వకపోతే కాస్త గొడవ చేయండి, ఫరవాలేదు.